చంక ఇంకా లోతుగా కోసినా చేయి ఎందుకు లేవడం లేదు?

అనంతపురం నుంచి ఒక చెల్లెలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. పుట్టిల్లు రాయదుర్గం. పెళ్లికి ముందు ఆరేళ్లు ఇంట్లోనే జీన్స్ ప్యాంట్ల జాబ్‌వర్కు చేశారట. జేబులు, బెల్టు లూపులు, కాళ్ల కుట్లు, రోజంతా అదే పని. పెళ్లయ్యాక ఆ కాలు మిషన్నే వెంట తెచ్చుకున్నారు. మూడు నెలలు బ్లౌజుల క్లాసుకు వెళ్లి, రెండేళ్లుగా వీధిలోని వాళ్లకు నూలు జాకెట్లు, పిల్లల గౌన్లు కుడుతున్నారు.

వచ్చే నెల గుంతకల్లులో పెద్ద ఆడపడుచు కూతురి పెళ్లి. "బయట ఎందుకు, మా కోడలు కుడుతుంది కదా" అని అత్తగారే కూతురి దగ్గర నుంచి ఐదు జాకెట్ గుడ్డలు, కొలత కోసం ఒక ఆది జాకెట్టు తెప్పించారు. మొదట మొదలుపెట్టింది ధర్మవరం పట్టు. ముహూర్తానికి పెళ్లికూతురి తల్లి కట్టుకోబోయే చీరలోది. ఆది జాకెట్టు పరిచి అచ్చం అలాగే కోశారు. కుట్టాక అదే ఒడ్డూ పొడుగూ ఉన్న పక్కింటావిడకు వేసి చూస్తే చేయి పైకి లేవలేదు. చంక బిగుతైందనుకుని అర అంగుళం లోతుగా కోసి చేతులు మళ్లీ అతికించారు. లేవలేదు. ఇంకో అర అంగుళం కోశారు. అంతకుముందు కంటే అధ్వాన్నమైంది.

మిగతాది ఆమె మాటల్లోనే: "లోపల మార్జిన్ పావు అంగుళమే వదిలానక్కా. కింద నడుం దగ్గర మాత్రం అంగుళం మడత ఉంది. మిగిలిన గుడ్డలో అరచేయంత ముక్కలు రెండే. విప్పిన చోటల్లా సూది రంధ్రాలు కనిపిస్తున్నాయి. పెళ్లికి 24 రోజులుంది. మిగతా నాలుగూ గుట్టుగా బయట టైలర్‌కి ఇచ్చి నేనే కుట్టానని చెప్పమంటున్నారు మా ఆయన. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. వదినకు ఏమని చెప్పాలి? అత్తమ్మ ముందు తల ఎలా ఎత్తుకోవాలి? అసలు ఈ పని నాకు రాదేమో, మిషను అమ్మేద్దామా?"

చెల్లెమ్మా,

ముందు ఆ కత్తెర తీసి పక్కన పెట్టండి. వదినకు చెప్పడం, చెప్పకపోవడం గురించి తర్వాత మాట్లాడుకుందాం. ఆ జాకెట్టులో ఏం జరిగిందో తెలిస్తే మీ ప్రశ్నల్లో సగం వాటంతట అవే విడిపోతాయి.

చేయి లేవడం లేదంటే చంక బిగుతుగా ఉందని అందరూ అనుకుంటారు. నేనూ మొదట్లో అలాగే అనుకుని కోసినదాన్నే. నిజానికి చంక ఎంత కిందికి దిగితే చేయి అంత కష్టంగా లేస్తుంది. అద్దం ముందు నిలబడి చూడండి. చేయి ఎత్తినప్పుడు కదిలేది భుజం కీలు. జాకెట్టు చంక ఆ కీలుకు దగ్గరగా, మన చంకకు ఒక అర అంగుళం, ముప్పావు అంగుళం కిందే ఉంటే చేయి మాత్రమే లేస్తుంది, జాకెట్టు ఉన్నచోట ఉంటుంది. అదే చంక రెండు అంగుళాలు కిందికి ఉందనుకోండి, చేతి గుడ్డ పక్క కుట్టును పట్టుకుని లాగుతుంది. చేయితో పాటు జాకెట్టంతా పైకి రావాలి. నడుం దగ్గర బిగుతుగా ఉంటుంది కాబట్టి రాదు. అక్కడ ఆగిపోతుంది. మీరు కోసిన ప్రతి అర అంగుళం ఆ లాగుడును పెంచింది. పైగా చంక చుట్టు కొలత పెరిగినా చేయి ముక్క పాతదే. దాన్ని సాగదీసి అతికించి ఉంటారు. అందుకే ఇప్పుడు చేతి మీద అడ్డంగా ముడతలు కూడా పడుతూ ఉండాలి.

మరి మొదటిసారే ఎందుకు బిగిసింది? ఆ జవాబు ఆది జాకెట్టులో ఉంది. అది బహుశా చాలాసార్లు ఉతికి, ఒంటికి అలవాటు పడిన నూలు జాకెట్టు అయి ఉంటుంది. నూలు సాగి, మెత్తబడి, మోచేతి పైన కండకు తగ్గట్టు చోటిస్తుంది. లైనింగ్ వేసిన పట్టు ఒక నూలు పోగంత కూడా ఇవ్వదు. కాబట్టి అదే కొలతకు కుట్టిన పట్టు జాకెట్టు ఎప్పుడూ ఒక సైజు తక్కువగానే అనిపిస్తుంది. మీకు మొదట తగిలిన బిగుతు చంకది కాకపోవచ్చు. చేతి లూజు చాలక వచ్చింది అయి ఉండొచ్చు, లేదా వీపు అడ్డం కొలత తక్కువై ఉండొచ్చు. జాకెట్టు వేసుకున్న మనిషి చేయి ఎత్తినప్పుడు పక్క అంచు పైకి లాగుతూ ఉంటే తప్పు చంక లోతుది. అంచు కదలకుండా పైచేతి చుట్టూ గీతల్లా ముడతలు పడితే తప్పు చేతి లూజుది. రెండు చేతులు ముందుకు చాపినప్పుడు వీపు మధ్యలో గుడ్డ బిర్రుగా అయితే తప్పు వీపుది. మూడింటికీ మందు వేరు. మీరు మూడింటికీ ఒకటే మందు వేశారు, అంతే.

మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఇంకొకటి కనిపించింది. మీ చేయి జీన్స్ చేయి. తప్పుపట్టి అనడం లేదు. నిలువు కుట్టు గీత గీసినట్టు పోవాలంటే ఆ ఆరేళ్ల అలవాటే దిక్కు. కానీ జాబ్‌వర్కులో ముక్కలు ఎవరో కోసి పంపిస్తారు, అందులో ఎవరి ఒళ్లూ ఉండదు. మీరు కుట్టేది ఒక పని, ఇంకొకరు కుట్టేది ఇంకో పని. జాకెట్టు అలా కాదు, అది ఒకే ఒక్క మనిషి కోసం. పావు అంగుళం మార్జిన్ కూడా అక్కడి అలవాటే. జాకెట్టు పక్క కుట్ల దగ్గర టైలర్లు అంగుళం, అంగుళంన్నర వదిలేది గుడ్డ ఎక్కువై కాదు, రేపు విప్పుకోవడానికి.

ఆ రంధ్రాల సంగతి కూడా అదే. ఆ మిషనులో ఇప్పుడున్న సూది ఎంతదో చూడండి. 16 గాని 18 గాని అయితే అది జీన్స్ సూది. పట్టుకు 11వ నంబరు కావాలి, అదీ కొత్తది. మొనపోయిన 11 కూడా పోగును పొడవదు, లాగుతుంది. సూది పక్కనే ఇంకొకటి చూడాలి. గుడ్డను నొక్కి పట్టే మిషను పాదం పైనున్న స్క్రూ జీన్స్ మందానికి గట్టిగా బిగించి ఉంటుంది. దాన్ని కొద్దిగా వదులు చేస్తేనే పట్టు ముడుచుకోకుండా జారుతుంది. ఈ రెండూ మార్చి, చిన్న పట్టు పీలిక మీద లైనింగుతో కలిపి జానెడు కుట్టి చూడండి. అడుగున దారం ఉండలు కడితే పైదారం సరిగా ఎక్కలేదని, లేదా దాని బిగుతు (టెన్షన్) వదులైందని అర్థం.

ఇప్పుడు వదిన సంగతి.

ఆమెకు తెలియకుండా దీన్ని బాగుచేసే దారి లేదమ్మా. నీతి చెప్పడానికి అనడం లేదు, కుట్టుపని తెలిసి అంటున్నాను. ఫిట్టింగ్ తప్పును ఒంటి మీదే చూడాలి, ఒంటి మీదే సరిచేయాలి. పక్కింటావిడ ఎంత అదే ఒళ్లున్నా భుజం వాలు వేరు, వీపు వేరు. గుట్టుగా ఎంత కష్టపడినా అది మళ్లీ గుడ్డిగా కోయడమే అవుతుంది. మీరు దాస్తున్న కొద్దీ ఆ జాకెట్టు మీ చేతిలోంచి జారిపోతుంది. 24 రోజులంటే చాలా సమయం. పెళ్లికి వారం ముందు చెబితే అది పిడుగు, ఇప్పుడు చెబితే ఒక పని.

ఫోనులో సుత్తి లేకుండా చెప్పండి. "వదినా, పట్టు జాకెట్టు చంక దగ్గర తప్పు కోశాను. సరిచేయడానికి రెండు మూడు దారులున్నాయి. మీరు ఒకసారి వేసుకుని చూపిస్తేనే ఏది కుదురుతుందో తెలుస్తుంది. ఆదివారం నేనే గుంతకల్లు వస్తాను, మీరు తిరగక్కర్లేదు." అంతే. ఏడవద్దు, పదిసార్లు క్షమాపణ అడగవద్దు. ఆమెకు కోపం రావచ్చు. పెళ్లి పనుల్లో ఉన్న తల్లి కదా, రెండు మాటలు అంటే అననివ్వండి. అత్తమ్మకు మాత్రం అదే రోజు, వదినకు ఫోను చేసే ముందే చెప్పండి. కూతురి నోటి నుంచి వింటే ఆమెకు రెండింతలు బాధ కలుగుతుంది. మీ తరఫున మాట ఇచ్చింది ఆమే కదా.

మీ ఆయన చెప్పిన దారి కూడా చూద్దాం. మిగతా నాలుగూ బయట ఇవ్వడంలో తప్పేం లేదు. నేనే కుట్టానని చెప్పడంలోనే చిక్కు. ఆ టైలర్ చేతికి కూడా ఇదే ఆది జాకెట్టు వెళుతుంది. బాగా కుదిరితే మెప్పంతా మీకే వస్తుంది, వచ్చే ఏడు ఇంకో పెళ్లికి పది జాకెట్లు వస్తాయి, మళ్లీ గుట్టు. కుదరకపోతే ఆయన తప్పు కూడా మీ నెత్తినే. పైగా అనంతపురం ఎంత పెద్ద ఊరని. ఆ టైలర్ దగ్గరికే మీ బంధువు ఒకరు వెళ్లకుండా ఉంటారా?

ఇక పట్టు జాకెట్టును ఏం చేయొచ్చంటే, నాకు మూడు దారులు తోస్తున్నాయి.

కొత్త గుడ్డ అక్కర్లేనిది భుజం ఎత్తడం. భుజం కుట్టు విప్పి, ముందు వైపు అర అంగుళం, వెనక వైపు అర అంగుళం లోపలికి తీసుకుంటే చంక మొత్తం అర అంగుళం పైకి వస్తుంది. మీరు కోసిన దాంట్లో సగం తిరిగి వచ్చినట్టే. చంక చుట్టు కొలత అంగుళం తగ్గుతుంది కాబట్టి పాత చేయి సాగదీయకుండా దాదాపుగా సరిపోతుంది. కానీ దీనికి మూడు పర్యవసానాలున్నాయి. మెడ కూడా అర అంగుళం పైకి వస్తుంది. వెనక మెడ బాగా దించి ఉంటే ఎవరికీ తెలియదు, ముందు మెడ చిన్నదైతే గొంతు దగ్గరికి వచ్చినట్టు ఉంటుంది. జాకెట్టు పొడవు అర అంగుళం తగ్గుతుంది. మీకు కింద అంగుళం మడత ఉంది కదా, అందులో అర అంగుళం వదలండి. పాత మడత గీత లీలగా కనిపించినా చీర కుచ్చిళ్ల పైన, పమిట కింద పోతుంది. మూడోది చాలామంది మరిచిపోయేది. ముందు డాట్లు, అంటే ఛాతీ ఆకారం కోసం మొన తేలేలా వేసే మడత కుట్లు కూడా అర అంగుళం పైకి జరుగుతాయి. కింది డాట్ విప్పి, మొన అర అంగుళం కిందికి దించి మళ్లీ వేయాలి. లేకపోతే ముందు భాగంలో ఎత్తు తప్పిన చోట కనిపిస్తుంది, భుజం ఎంత బాగా చేసినా ఆ ఒక్కటీ చెడగొడుతుంది.

రెండో దారి చంక కింద ముక్క వేయడం. మీ దగ్గరున్న అరచేయంత ముక్కలు రెండూ దీనికి సరిగ్గా సరిపోతాయి. పక్క కుట్టు, చేతి కింది కుట్టు, చంక గుండ్రం, మూడూ కలిసే చోటు నుంచి అన్ని వైపులా రెండేసి అంగుళాలు విప్పండి. ఆ ఖాళీలో నాలుగు మూలల గాలిపటంలా ఒక ముక్క కూర్చోవాలి. ముక్కను నిలువు పోగు మీద కాకుండా క్రాసుగా, అంటే ఏటవాలుగా కోయండి, క్రాసు గుడ్డ సాగుతుంది, చేతికి అదే కావాలి. మూల దగ్గర పట్టు పీచు విడిపోకుండా వెనక చిన్న లైనింగ్ పీలిక అంటించినట్టు పెట్టి కుట్టండి. ముందు చేత్తో కచ్చా కుట్టు, వదినకు వేసి చూశాకే మిషను. దీని వల్ల చేయి చక్కగా లేస్తుంది. కాకపోతే చేయి ఎత్తినప్పుడు ముక్క కనిపిస్తుంది. ఎడమ వైపు పమిట ఉంటుంది కాబట్టి ఫర్వాలేదు, కుడి వైపు చూసేవాళ్లకు తెలుస్తుంది. పట్టు నిగనిగ కూడా క్రాసులో కొంచెం వేరుగా కనిపిస్తుంది. భుజం ఎత్తడం, ముక్క వేయడం రెండూ కలిపి చేస్తే ముక్క చిన్నదవుతుంది. నేనైతే ముందు భుజం ఎత్తి కచ్చా కుట్టుతో చూస్తాను, చాలకపోతేనే ముక్క.

మూడోది కొత్త జాకెట్టు. చీరను వెంట తీసుకెళ్లి, అంగడిలో ట్యూబ్‌లైట్ కింద కాకుండా వాకిట్లోకి తెచ్చి పగటి వెలుగులో అంచు రంగుకు సరిపోయే పట్టు గుడ్డ చూడాలి. ధర్మవరం మీకు దగ్గరే. పాత జాకెట్టు చేతుల జరీ అంచును జాగ్రత్తగా విప్పి కొత్త చేతులకు వేస్తే చీరకూ జాకెట్టుకూ సంబంధం తెగదు. ఖర్చు మీరు పెట్టుకుంటానని చెప్పండి, కానీ ఎంపిక వదినకే వదిలేయండి. చీరలోని జాకెట్టే కావాలని ఆమెకు మనసుంటే కొత్తది ఎంత మంచిదైనా ఒప్పుకోదు. అప్పుడు మొదటి రెండు దారులే.

ఇంకో మాట. ఆమె పెళ్లికూతురి తల్లి. ఆ రోజంతా చేతులు దించి నిలబడే మనిషి కాదు. అక్షింతలు వేయాలి, పళ్లేలు అందుకోవాలి, పిల్ల జడ సర్దాలి. చేయి కిందికి దించినప్పుడు చంక దగ్గర ఒక చిన్న మడత పడినా ఫర్వాలేదు గానీ చేయి లేవాలి. చేతి ముక్క పైన గుండ్రం ఎత్తుగా ఉంటే నిలబడినప్పుడు నున్నగా కనిపిస్తుంది, కదలిక తక్కువ. గుండ్రం కొద్దిగా తగ్గించి చేతి లూజు పెంచితే కదలిక వస్తుంది, మడత పడుతుంది. రెండూ ఒకేసారి పూర్తిగా దొరకవు. ఇది వదినకు చెప్పి ఏది కావాలో అడగండి. చాలామంది కుట్టించుకునేవాళ్లకు ఇందులో ఎంచుకోవడానికి ఒకటి ఉందని కూడా తెలియదు.

ఆదివారం వెళ్లినప్పుడే మిగతా నాలుగింటికీ కొలతలు తీసుకోండి. ఆది జాకెట్టు మెడ ఆకారం, చేతి పొడవు చూసుకోవడానికి మాత్రమే. పెళ్లి రోజు లోపల ఏది వేసుకుంటుందో అదే వేసుకోమని చెప్పండి, దాంతోనే డాట్ల చోటు మారిపోతుంది. ఊపిరి బిగపట్టకుండా మామూలుగా నిలబడమని, టేపు కింద రెండు వేళ్లు పట్టేలా ఛాతీ చుట్టు, ఛాతీ పైచుట్టు, నడుం, భుజం, వీపు అడ్డం తీయండి. మీరు ఇంతవరకు తీసి ఉండనివి మూడు: భుజం నుంచి డాట్ మొన దాకా, రెండు మొనల మధ్య దూరం, మోచేయి మడిచి ఉంచినప్పుడు పైచేయి చుట్టు. చేయి చాచినప్పటికీ మడిచినప్పటికీ ఆ కండ కొలత తేడా వస్తుంది. మీ జాకెట్టు బిగిసింది బహుశా అక్కడే.

ఇంటికి వచ్చాక ఒక పాత దుప్పటి గుడ్డలో ఆ కొలతలకు ఒక జాకెట్టు, సులువుగా విప్పేలా పెద్ద కుట్లతో, హుక్సు లేకుండా కుట్టండి. మళ్లీ ఒకసారి వేసి చూసి, తప్పులు దాని మీదే పెన్నుతో గీసి, విప్పి, దాన్నే కాగితం మీద అచ్చు తీసుకోండి. ఆ అచ్చు ఉంటే నాలుగు జాకెట్లు నాలుగు రోజుల పని. గుంతకల్లు రెండుసార్లు వెళ్లడం కష్టమనిపిస్తే, మొదటిసారే క్లాసులో చెప్పిన లెక్కతో దుప్పటి జాకెట్టు కుట్టి తీసుకెళ్లండి. కొంచెం అటూ ఇటూ ఉన్నా పిన్నులతో అక్కడే సరిచేయొచ్చు, కానీ పట్టు జాకెట్టుకు మాత్రం పిన్నులు కుట్టు మార్జిన్‌లోనే గుచ్చాలి.

లైనింగ్ నూలుదైతే కోసే ముందు నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయండి. నా అక్కకు కుట్టిన ఒక జాకెట్టు విషయంలో తొందరపడి ఇది మానేశాను. ఒక్క ఉతుకుతో లైనింగ్ కుదించుకుపోయి పైగుడ్డ బుడగలు బుడగలుగా లేచింది. అక్క ఏమీ అనలేదు గానీ ఆ జాకెట్టు మళ్లీ వేసుకోలేదు. పట్టును మాత్రం తడపవద్దు. ఇస్త్రీ కూడా పైన పొడి నూలు గుడ్డ వేసే చేయాలి, నీటి బొట్టు పడితే మచ్చ నిలిచిపోతుంది. పక్క కుట్లకు ఈసారి అంగుళం పైనే వదలండి. పట్టు ఒత్తిడి పడే చోట పోగులు విడిపోయి జల్లెడలా అవుతుంది, మార్జిన్ తక్కువైతే అది కుట్టు దాకా వచ్చేస్తుంది.

డబ్బు గురించి మీరు రాయలేదు, కానీ ఐదు జాకెట్లకు ఎవరూ పైసా మాట ఎత్తలేదని నాకు అర్థమైంది. ఈ పెళ్లికి అడగవద్దు, సమయం కాదు. తర్వాత మాత్రం అత్తమ్మతో ఒక మాట అనుకోండి. ఇంటివాళ్లకు లైనింగ్, దారం, హుక్సుల డబ్బు తీసుకుని చేతి కూలి వదిలేయడం ఒక పద్ధతి. దాంతో బంధుత్వం నిలుస్తుంది గానీ పండగల ముందు మీ వీధి గిరాకీ పోతుంది. అందరికీ ఒకే రేటు అంటే మొదట్లో మూతి ముడుస్తారు, తర్వాత పని తగ్గుతుంది, వచ్చిన వాళ్లు కొలతలు ఇవ్వడానికి నిలబడతారు. మీ ఇంటి తీరు మీకే తెలుసు.

మిషను అమ్మడం గురించి అడిగారు. కుట్టు రానివాళ్లు పట్టు జాకెట్టు చంక రెండుసార్లు విప్పి మళ్లీ అతికించలేరు. మీకు చేయి వచ్చు, కొలత ఇంకా రాలేదు. పెళ్లయ్యాక కూడా అమ్మాలనిపిస్తే అమ్మండి, ఎవరూ ఆపరు. ఈ 24 రోజుల్లో మాత్రం ఆ నిర్ణయం వద్దు.

ఆదివారం గుంతకల్లు వెళ్లేటప్పుడు సంచిలో టేపు, తెల్లదారం, సన్న సూదులు, పిన్నులు, విప్పే కత్తి, ఆ రెండు అరచేయి ముక్కలు పెట్టుకోండి. కత్తెర ఇంట్లోనే వదిలేయండి.